రిపాజిటరీ ఉద్యోగం అంటే అప్‌లోడ్ చేయడమేనా?

ప్రశ్న: లైబ్రరీ సైన్స్‌లో పీజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. యూనివర్సిటీ డిజిటల్ రిపాజిటరీల్లో (థీసిస్‌లు, పరిశోధన వ్యాసాలు దాచి అందించే ఆన్‌లైన్ భండారాల్లో) పనిచేయాలని ఉంది. అది స్కాన్ చేసి అప్‌లోడ్ చేసే పనేనని, దానికి ఇంత చదువెందుకని ఇంట్లో అంటున్నారు. కోడింగ్ రాకపోతే అవకాశమే లేదని సీనియర్లు చెబుతున్నారు. ఏది నిజం?

జవాబు: ఫైలు అప్‌లోడ్ చేయడానికి రెండు నిమిషాలు చాలు. అదే ఫైలు ఇరవై ఏళ్ల తర్వాత ఎక్కడో ఉన్న పరిశోధకుడు వెతికితే దొరకాలి, నొక్కితే తెరుచుకోవాలి, ఎంతవరకు వాడుకోవచ్చో అతనికి తెలియాలి. మీరు కోరుకుంటున్న ఉద్యోగం ఈ మూడూ చూసుకోవడం. ఇంట్లోవాళ్లకూ ఇలాగే చెప్పండి.

దొరకడం అనేది మెటాడేటా మీద, అంటే రచయిత, శీర్షిక, తేదీ వంటి వివరాల మీద ఆధారపడుతుంది. చాలా రిపాజిటరీలకు పునాది ఈ వివరాలు రాసే డబ్లిన్ కోర్ అనే 15 అంశాల పద్ధతి. చూడ్డానికి తేలిక, నింపేటప్పుడు తెలుస్తుంది కష్టం. ఒకే ప్రొఫెసర్ పేరు ఒక థీసిస్‌లో ఇంటిపేరు ముందు పెట్టి, ఇంకో వ్యాసంలో పొడి అక్షరాలతో, మరోచోట ఇంటిపేరు చివర ఉంటుంది. సాఫ్ట్‌వేర్ లెక్కలో వాళ్లు ముగ్గురు మనుషులు. ఈ చిక్కు విప్పడానికే 2012లో ఒక్కో పరిశోధకుడికి ఒక్కో సంఖ్య ఇచ్చే ఆర్కిడ్ గుర్తింపు సంఖ్యలు మొదలయ్యాయి. థీసిస్ ఆమోదం పొందిన తేదీ వేరు, రిపాజిటరీలో చేరిన తేదీ వేరు. ఈ రెండూ తారుమారైన రికార్డులు ఎన్నో కనిపిస్తాయి. మన రికార్డులను ఓఏఐ-పీఎంహెచ్ ప్రోటోకాల్ ద్వారా బయటి సెర్చ్ సేవలు తీసుకెళతాయి కాబట్టి, మనం చేసిన తప్పు కూడా వాటితో పాటే ఊరేగుతుంది.

అభ్యర్థులు ఎక్కువగా తడబడేది మాత్రం హక్కుల దగ్గర. ఒక ప్రొఫెసర్ జర్నల్‌లో అచ్చయిన పీడీఎఫ్ పంపి ‘పెట్టేయండి’ అంటారు. చాలామంది ప్రచురణకర్తలు ఆ తుది ప్రతిని పెట్టనివ్వరు. సమీక్ష పూర్తయి ఆమోదం పొందిన రాతప్రతిని మాత్రం, ఒక్కోసారి కొన్ని నెలల ఎంబార్గో (బయటపెట్టకూడని గడువు) తర్వాత, పెట్టుకోనిస్తారు. ఏ జర్నల్ విధానం ఏమిటో ఓపెన్ పాలసీ ఫైండర్ (ఒకప్పటి షెర్పా రోమియో) వెబ్‌సైట్‌లో చూసి, ఆయనకు మర్యాదగా చెప్పి, ఆ రాతప్రతిని అడిగి తెప్పించుకోవాలి. ఈ నేర్పు ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వదు. పేటెంట్‌కు దరఖాస్తు చేయబోతున్న విద్యార్థి థీసిస్ అయితే ఎంబార్గో పెట్టి ఫైలును మూసి ఉంచాలి. సారాంశంలోనే ఆవిష్కరణ బయటపడే ప్రమాదం ఉంటే దాన్నీ ఆపాలి. రచనను ఇతరులు ఎలా వాడుకోవచ్చో చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో ఏది దేనికి ఒప్పుకుంటుందో కంఠతా వచ్చేంతగా చదవండి.

తెరుచుకోవడం విషయంలో దీర్ఘకాల భద్రతకు పీడీఎఫ్-ఏ అనే ఫైలు రూపం, ఫైలు పాడైందేమో పట్టిచ్చే చెక్‌సమ్, సర్వర్ మారినా లింకు చెడకుండా హ్యాండిల్ లేదా డీఓఐ అనే శాశ్వత గుర్తింపు. ఇవి తెలిస్తే మొదట్లో సరిపోతుంది.

ఇక కోడింగ్. మీ సీనియర్లు చెప్పింది సర్వర్ నడిపే పోస్టుల వరకు నిజం. మెటాడేటా లైబ్రేరియన్, రిపాజిటరీ మేనేజర్ వంటి పోస్టులకు లైనక్స్ కమాండ్లు కొన్ని, స్ప్రెడ్‌షీట్ మీద గట్టి పట్టు, ఓపెన్‌రిఫైన్ అనే సాఫ్ట్‌వేర్‌తో పేర్లు శుభ్రం చేయడం వస్తే మంచి పునాదే. పైథాన్ కొంచెం తెలిస్తే ఇంకా మేలు. ఎంఐటీ లైబ్రరీలు, హెచ్‌పీ ల్యాబ్స్ కలిసి తయారుచేసి 2002లో విడుదల చేసిన డీస్పేస్ అనే రిపాజిటరీ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్. దాన్ని మీ ల్యాప్‌టాప్‌లోనే ఇన్‌స్టాల్ చేసుకోండి. అది ఆధారపడే జావా, పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్), సోలార్ (వెతికే ఇంజిన్) అన్నీ కుదిరేదాకా విసిగిస్తుంది, అయినా వదలకండి. లోపల ఏది దేనితో మాట్లాడుతుందో అప్పుడే అర్థమవుతుంది. కమ్యూనిటీ, కలెక్షన్, ఐటమ్ అనే అమరిక కూడా చేస్తూ ఉంటేనే ఒంటబడుతుంది.

తర్వాత మీ విభాగాన్ని అడిగి పాత డిసర్టేషన్లు కొన్ని తీసుకుని అందులో ఎక్కించండి. పేర్లు ఏ పద్ధతిలో రాశారు, విషయపదాలు ఎక్కణ్నుంచి తీసుకున్నారు, ఎవరి అనుమతి ఎలా తీసుకున్నారు అన్నది ఒక పేజీలో రాసి పెట్టుకోండి. ఇంటర్వ్యూకు సర్టిఫికెట్లతో పాటు ఆ పేజీని కూడా తీసుకెళ్లండి. అడిగే ప్రశ్నల్లో సగం దాని మీదికే మళ్లించవచ్చు.