సైన్స్‌లో ఉన్నవాళ్లు ఇస్లామిక్ జ్యామితి నమూనాలు గీస్తూ దాన్ని ఆధ్యాత్మిక సాధన అంటారెందుకు? అది డ్రాయింగే కదా?

ఉత్త డ్రాయింగని కొట్టిపారేయకండి. నేను స్ఫటికాల మీద పనిచేస్తాను. పగలంతా ఎక్స్‌రే యంత్రం ముందు అంకెలతోనే సరిపోతుంది, ప్రతి అంకె పక్కనా ఇంత తేడా ఉండొచ్చని రాయాలి. రాత్రి భోజనాలయ్యాక కంపాస్ పట్టుకుంటే ఒక్క అంకె కూడా ఉండదు. స్కేలున్నది గీత గీయడానికే, కొలవడానికి కాదు. నాకు సాధన అంటే అదే.

హైదరాబాద్‌లో మొహర్రం సంతాప మందిరమైన బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలో 1611 ప్రాంతం నాటి రంగు పెంకుల గోడలున్నాయి. 1908 మూసీ వరదకు కింది భాగం దెబ్బతింది గానీ, పైన నీలం, పసుపు ముక్కలు ఇప్పటికీ కళకళలాడుతున్నాయి. అక్కడి ఆరు భుజాల గళ్లు చూసొచ్చి గీయడం మొదలుపెట్టాను. వృత్తం గీసి, కంపాస్ కాళ్ల మధ్య దూరం మారకుండా అంచు వెంట గుర్తులు పెట్టుకుంటూ పోతే, ఆరోది మొదటి చుక్క మీదే పడాలి. పెన్సిల్ మొన కాస్త మొద్దుబారినా పడదు. ఆ ఆరో గుర్తు దగ్గర ఊపిరి దానంతటదే నెమ్మదిస్తుంది. తర్వాత ఆ గుర్తుల్ని గీతలతో కలిపితే వచ్చే నక్షత్రానికి ఇంకు పెట్టి, వృత్తాలన్నీ రబ్బరుతో చెరిపేస్తాను. మా అమ్మ ముగ్గులో చుక్కలు కనిపిస్తూనే ఉంటాయి. ఇక్కడ ఆధారమంతా మాయమై, దాని మీద నిలబడ్డదే మిగులుతుంది. దేవుడికి రూపం ఇవ్వని సంప్రదాయానికి ఈ కళ ఎందుకంత దగ్గరైందో చేత్తో గీసినవాళ్లకే తెలుస్తుందని నా గట్టి నమ్మకం.

మా క్లాసుల్లో స్ఫటికాలకు ఐదు, పది మడతల సౌష్ఠవం, అంటే చుట్టులో ఐదో వంతో పదో వంతో తిప్పినా అమరిక అలాగే కనిపించడం, కుదరదని చెప్పేవారు. 1982లో డాన్ షెక్ట్‌మన్ అనే శాస్త్రవేత్త ఒక మిశ్రలోహంలో పది మడతల అమరిక చూశాడు, 2011లో నోబెల్ వచ్చింది. ఇరాన్‌లో ఇస్ఫహాన్ నగరంలోని దర్బ్-ఇ-ఇమామ్ అనే దర్గా గోడ మీద 1453లోనే దాదాపు అలాంటి అమరిక ఉందని 2007లో భౌతిక శాస్త్రవేత్తలు పీటర్ లూ, పాల్ స్టైన్‌హార్ట్ చూపించారు. గిరిహ్ అనే ఐదు రకాల పలకలు చాలు దానికి. ఆ పనివాళ్లకు మా సమీకరణాలతో పనిలేకపోయింది.

పిల్లలకు మాత్రం జామెట్రీ బాక్సులో స్క్రూ వదులైన కంపాస్ ఇచ్చి, మార్కులు వచ్చే ప్రశ్నలు మాత్రమే గీయిస్తున్నాం. పెద్దలకేమో ఒత్తిడి తగ్గుతుందంటూ ముందే అచ్చేసిన బొమ్మలకు రంగులు వేసే పుస్తకాలు అమ్ముతున్నారు. గీసే భాగమే తీసేశాక ఇంకేం మిగిలింది? వాటి జోలికి పోకండి. మధ్యలో మరచక్రం ఉన్న కంపాస్ ఒకటి కొనుక్కోండి, కాళ్లు జారవు. రెండో వృత్తం కేంద్రాన్ని మొదటిదాని అంచు మీద పెట్టి మొదలుపెట్టండి.