చివరి గడిలో ఏం రాశారు?

తమ్ముడికి ఆశీస్సులు.

నీ మెయిలూ స్క్రిప్టూ అందాయి. తెర మీద చదవడం ఈ కళ్లతో అయ్యే పని కాదు గనక అరవై రెండు పేజీలూ ప్రింటు తీయించుకుని రెండు రాత్రులు కూర్చున్నాను. "బాగుంది, కానివ్వు" అని రెండు ముక్కలు రాసేస్తే నీకూ సంతోషమే, నాకూ పని తప్పుతుంది. కానీ ముప్ఫయ్యేళ్లుగా సీరియళ్లు రాసుకుని బతికినవాణ్ని. ఆ రెండు ముక్కలు ఎంతమంది కుర్రాళ్లని పాడుచేశాయో కళ్లారా చూశాను.

'ప్రాజెక్ట్ బ్లూ బుక్' సీరియల్ చూశాక ఈ కథ పుట్టిందన్నావు. నేనూ చూశాను. హిస్టరీ చానెల్ వాళ్లు 2019 జనవరిలో మొదలుపెట్టి, రెండు సీజన్లు, ఇరవై ఎపిసోడ్లు నడిపి, 2020లో ఆపేశారు. ఎగిరే పళ్లేల మీద అమెరికా వైమానిక దళం అదే పేరుతో నిజంగా నడిపిన దర్యాప్తు దానికి మూలం. ఖగోళ శాస్త్రవేత్త జె. అలెన్ హైనెక్‌గా ఐడన్ గిలెన్ వేశాడు. అతని చూపులో ఎప్పుడూ ఏదో లెక్క తేలనట్టు ఉంటుంది, ఆ పాత్రకి అది చాలు. సీరియల్ నాకు నచ్చింది. అయినా నచ్చని సంగతులే రాస్తాను, ఎందుకంటే అవన్నీ నీ స్క్రిప్టులోకి కూడా దిగుమతి అయ్యాయి.

ముందు అన్నిటికన్నా కష్టమైన మాట చెప్పేస్తాను. కెప్టెన్ థామస్ మాంటెల్‌ని నువ్వు తాగుబోతుని చేశావు. ఎందుకయ్యా?

1948 జనవరి 7న కెంటకీలో ఆకాశంలో ఏదో పెద్దది మెరుస్తూ కనిపించింది. గాడ్‌మన్ ఫీల్డ్ అనే సైనిక విమానాశ్రయం నుంచి అడిగితే మాంటెల్ తన ఎఫ్-51 యుద్ధవిమానాన్ని దాని వైపు తిప్పాడు. ఆక్సిజన్ లేకుండా ఇరవై వేల అడుగులు దాటి పైకి పోయాడు. స్పృహ తప్పి ఉంటాడు, విమానం కూలిపోయింది. వయసు ఇరవై అయిదు. ఇందులో నీకు తాగుడు ఎక్కడ అవసరపడింది? "పాత్రకి లోపం ఉండాలి" అని ఏదో వర్క్‌షాపులో చెప్పి ఉంటారు. ఉండాలి, నిజమే. కానీ అది నీ ఊహలో పుట్టిన పాత్రకి పెట్టుకో.

ఆ సీరియల్ వాళ్లు ఈ విషయంలో నీకన్నా మర్యాదగా ఉన్నారు. మొదటి ఎపిసోడ్‌లో ఫుల్లర్ అనే పైలట్ ఒక వెలుగుతో కలబడి, ఆ తర్వాత మనసు చెదిరిపోతాడు. దాని మూలం 1948 అక్టోబరు 1న నార్త్ డకోటాలోని ఫార్గో మీద జరిగింది. అసలు పైలట్ పేరు జార్జ్ గోర్మన్. రాత్రిపూట ఒక చిన్న తెల్ల వెలుగుని ఇరవై ఏడు నిమిషాలు తరిమాడు. ఆ తర్వాతా వైమానిక దళంలోనే ఉద్యోగం చేసుకున్నాడు. వాళ్లు పాత్రకి పిచ్చెక్కించదలుచుకున్నారు, అందుకని పేరు మార్చారు. నువ్వు పేరు ఉంచేసి మనిషిని మార్చావు. తేడా అర్థమైందా?

నాకూ ఒకసారి ఈ దెబ్బ తగిలింది. చాలా ఏళ్ల కిందట ఒక చానెల్‌కి పాతకాలపు కథ రాస్తూ, నిజంగా ఉన్న ఒక తాసిల్దారుని విలన్ చేశాను. చానెల్ వాళ్లు "ఇంకాస్త ఘాటు" అన్నారు, నేను కొరడా కూడా చేతికిచ్చాను. ప్రసారమైన మర్నాడు ఆయన మనవరాలు నా నంబరు పట్టుకుని ఫోన్ చేసింది. తిట్టలేదు. "మా తాతయ్య గట్టిగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదండీ" అంది, అంతే. ఆ ఫోన్ పెట్టేశాక తరువాయి ఎపిసోడ్ రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

సరే, మాంటెల్ దగ్గరికే మళ్లీ వస్తాను, ఎందుకంటే నువ్వు వదిలేసిన అసలు కథ అక్కడే ఉంది. అతను తరిమింది ఏమిటి? మొదట శుక్రగ్రహం అన్నారు. శుక్రుణ్ని పట్టుకోవడానికి మనిషి ప్రాణం పోగొట్టుకున్నాడంటే ఎవరు నమ్ముతారు? తర్వాత ఎప్పటికో, అది నౌకాదళం వదిలిన స్కైహుక్ అనే మహా బెలూన్ అయి ఉంటుందన్న మాట బయటికొచ్చింది. అప్పట్లో ఆ బెలూన్లు రహస్యం. దర్యాప్తు చేస్తున్న వైమానిక దళం మనుషులకే వాటి సంగతి తెలియదు. ఒకే సర్కారు, ఈ గదిలో వెతుకుతున్నది పక్కగది బీరువాలో ఉంది. గ్రహాంతరవాసి వచ్చి నిలబడినా ఇంతకన్నా మంచి సీన్ దొరకదు నీకు.

బెలూన్ అంటే నీకు చప్పగా అనిపించింది, మార్జిన్‌లో నువ్వు రాసుకున్న "యాంటీ క్లైమాక్స్" చూశాను. మన హైదరాబాదులో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బెలూన్ కేంద్రం 1969 నుంచీ ఉంది. 2022 డిసెంబరులో వాళ్లు ఎగరేసిన ఒకటి ఊరి మీద కనిపించేసరికి నగరం సగం మేడల మీదికెక్కింది. అది తీసుకెళ్లిన క్యాప్సూల్ వికారాబాద్ జిల్లాలో పొలాల్లో దిగింది, జనం విరగబడి చూశారు. అది బెలూన్ అని తెలిశాక కూడా చూస్తూనే ఉన్నారు. చప్పదనం బెలూన్‌లో లేదు తమ్ముడూ, "ఓస్, బెలూనేనా" అనే డైలాగులో ఉంది. ఆ డైలాగు కొట్టెయ్.

ఇప్పుడు నేను నిజంగా చెప్పదలుచుకున్నది. బ్లూ బుక్ ఫైళ్లలో ప్రతి కేసుకీ ఒక కార్డు ఉండేది. తేదీ, చోటు, ఎంతసేపు, ఎంతమంది చూశారు, ఇలా గడులు. చివరి గడి 'నిర్ధారణ'. అక్కడ టిక్కు పెట్టడానికి ఏమేం ఉండేవో తెలుసా? బెలూనే. బహుశా బెలూన్. బెలూన్ అయినా కావచ్చు. విమానమే. బహుశా విమానం. విమానం అయినా కావచ్చు. ఆకాశ గోళాలకీ ఇదే వరస. ఆ తర్వాత 'సమాచారం చాలదు', అన్నిటికన్నా అడుగున 'తెలియదు'.

'బహుశా'కీ 'కావచ్చు'కీ మధ్య ఎంత దూరం ఉందో ఊహించు. ఆ టిక్కు పెట్టే ఆఫీసరు ఎవరు, అతని పైవాడికి ఏ జవాబు కావాలి, అవతల సాక్షి ఎవరు? చదువుకున్నవాడైతే ఒక టిక్కు, రైతయితే ఇంకో టిక్కు పడుతుందా? 1952 మార్చి నుంచి 1969 డిసెంబరు దాకా నడిచిన దుకాణం అది. అంతకు ముందరి సైన్, గ్రడ్జ్ అనే రెండు దర్యాప్తులతో కలుపుకుని లెక్క 12,618 కేసులు. చివరికి 'తెలియదు' కింద మిగిలినవి 701. నీ స్క్రిప్టు మొత్తం ఆ 701 చుట్టూనే తిరుగుతోంది. నన్నడిగితే కథలన్నీ మిగతా పదకొండు వేల తొమ్మిది వందల చిల్లరలో ఉన్నాయి. తెలియదని రాయడం సులువు. తెలిసిందని రాసి సంతకం పెట్టినవాడికి ఆ రాత్రి నిద్ర పట్టిందా లేదా అన్నది మనకి కావాలి.

మన దగ్గర మెకంజీ దొర మనుషులు, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులూ వాళ్ల తోటివాళ్లూ, ఊరూరా తిరిగి కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, సేకరించారు కదా, ఎప్పుడైనా తిరగేశావా? గుడి కట్టించినవాడి పేరు, చెరువు తూముల సంగతి, దేవుడు కలలో కనబడి చెప్పిన మాట అన్నీ ఒకే గొంతుతో ఉంటాయి. రాసినవాడు మధ్యలోకొచ్చి నవ్వడు, భయపడడు. నీ సాక్షుల సీన్లకి ఆ గొంతు కావాలి. ఇప్పుడు నీ సాక్షులందరూ కళ్లు పెద్దవి చేసుకుని వణుకుతున్నారు. పదో పేజీకల్లా నాకు విసుగొచ్చింది.

రష్యా గూఢచారిణి గురించి ఎక్కువ రాయను. సీరియల్‌లో హైనెక్ పక్కింట్లోకి ఒక సోవియట్ గూఢచారిణి దిగి అతని భార్య మిమీతో స్నేహం చేస్తుంది. నీ కథలోనూ ఒకామె ఉంది, లిప్‌స్టిక్ రంగుతో సహా. తీసెయ్. సోవియట్ భయం నిజమే, కానీ అది అసలు ఎలా ఉండేదో చూడు. 1953 జనవరిలో సీఐఏ పిలిచిన రాబర్ట్‌సన్ ప్యానెల్ శాస్త్రవేత్తలు బెంగపడింది పళ్లేల గురించి కాదు, వాటి గురించి వచ్చే ఫిర్యాదుల గురించి. ఇవన్నీ వెల్లువలా వచ్చిపడితే నిజంగా శత్రు విమానాలు వచ్చిన రోజు ఆ కబురు వినేవాడెవడు అన్నారు. జనం మోజు తగ్గించడానికి వాల్ట్ డిస్నీ సంస్థ చేత సినిమాలు తీయిద్దామని కూడా సూచించారు. నేను కల్పిస్తే "మరీ అతి" అని నువ్వే కొట్టేసేవాడివి.

ఇక హైనెక్. నీ కథలో ఆయన మొదటి ఎపిసోడ్ పదిహేనో నిమిషంలో నమ్మడం మొదలుపెడతాడు. సీరియల్‌లోనూ కాస్త తొందరే. అసలు మనిషికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టిందయ్యా!

1948లో వైమానిక దళం ఆయన దగ్గరికి వచ్చేనాటికి ఆయన ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఉన్నాడు. డేటన్ దగ్గరి రైట్-ప్యాటర్సన్ స్థావరానికి అందుబాటులో ఉన్న ఖగోళ శాస్త్రవేత్త కావడమే పెద్ద అర్హత. పని ఏమిటంటే, వచ్చిన కేసుల్లో ఇది నక్షత్రం, ఇది ఉల్క అని ఏరివేయడం. ఆ పని ఆయన హుషారుగానే చేశాడు. ఏళ్లు గడిచాయి. 1966 మార్చిలో మిషిగన్‌లోని డెక్స్‌టర్, హిల్స్‌డేల్ దగ్గర వెలుగులు కనిపించాయని గోల లేచింది. డెట్రాయిట్‌లో విలేకరులు ఆయన్ని చుట్టుముట్టారు. కొన్ని వెలుగులు చిత్తడి నేలల్లో పుట్టే గ్యాస్ అయి ఉండొచ్చు అన్నాడు. అంటే మనూళ్లలో చెప్పే కొరివి దయ్యం. మన తాతలు దయ్యం అంటే సైన్సు మాస్టారు వాయువు అని సర్దిచెప్పేవాడు. అక్కడ సైన్సు మాస్టారే వాయువు అంటే జనం ఆయన్నే దయ్యంలా చూశారు. కార్టూన్లు వేశారు. ఆ రాష్ట్రం నుంచే ప్రతినిధుల సభలో ఉన్న జెరాల్డ్ ఫోర్డ్, తర్వాత దేశాధ్యక్షుడైన ఆయనే, సభ విచారణ జరపాలన్నాడు. జీవితమంతా జాగ్రత్తగా మాట్లాడినవాడు ఒక్క 'అయి ఉండొచ్చు'తో నవ్వులపాలయ్యాడు. 1972లో సొంత పుస్తకం రాసేనాటికి ఆయన వైమానిక దళాన్ని తప్పుపడుతున్నాడు. 'నమ్ముతున్నాను' అని కాదు, 'వీటిని సరిగ్గా చూడలేదు మనం' అని.

ఆ డెట్రాయిట్ సీన్ ఆ సీరియల్‌లో లేదు. కథ యాభైల్లో ఉండగానే చానెల్ తలుపు మూసింది. హైనెక్ పాత్రకి ఉన్న గొప్ప సీన్ కోసం వాళ్లు ఇంకో నాలుగైదు సీజన్లు ఎదురు చూడాల్సి వచ్చేది. నువ్వు అలా దాచుకోకు. మొదటి సీనే డెట్రాయిట్‌లో పెట్టు. మైకులు, ఫ్లాష్ బల్బులు, చెమట. అక్కణ్నించి 1948కి పో. అప్పుడు శుక్రుడు, ఉల్క అంటూ కుర్ర ప్రొఫెసర్ కొట్టే ప్రతి టిక్కూ మనకి ముల్లులా గుచ్చుకుంటుంది.

(ఇంకో సంగతి. హైనెక్ పుట్టింది 1910లో, పోయింది 1986లో. రెండూ హేలీ తోకచుక్క వచ్చిన ఏళ్లు. దీన్ని డైలాగులో పెట్టాలని నీకు చెయ్యి దురద పుడుతుంది. పెట్టకు. నేనైతే పెట్టేసేవాణ్ని, అందుకే చెబుతున్నాను.)

లబ్బక్ ఎపిసోడ్ రాస్తే మాత్రం నిదానంగా రాయి. 1951 ఆగస్టులో టెక్సస్‌లోని ఆ లబ్బక్ ఊళ్లో కొందరు ప్రొఫెసర్లు పెరట్లో కుర్చీలేసుకుని కబుర్లు చెప్పుకుంటుంటే నెత్తి మీదుగా వెలుగుల గుంపు సర్రున పోయింది. వాళ్లు భయపడలేదు. మళ్లీ వస్తే లెక్క కట్టాలని రోజూ అదే పెరట్లో కూర్చున్నారు. వీధుల్లో కొత్తగా పెట్టిన దీపాల కాంతి పక్షుల పొట్టల మీద పడి మెరిసిందన్నది ఒక వివరణ. అందరూ ఒప్పుకోలేదు. చదువుకున్న పెద్దమనుషులు రాత్రి పూట కాగితం పెన్సిలు పట్టుకుని పిట్టల కోసమో దేని కోసమో ఎదురుచూడటం, లోపల్నించి భార్యలు భోజనానికి పిలవడం. నీకు ఇంకేం కావాలి?

నువ్వు కొలంబస్‌లో ఉంటున్నావు, నీ అదృష్టం. గంటా పావు కారు నడిపితే డేటన్. అక్కడి వైమానిక దళ మ్యూజియంలోకి ప్రవేశం ఉచితం. ఆ పాత విమానాల పక్కన నిలబడి కాక్‌పిట్ ఎంత ఇరుకో చూసిరా. బ్లూ బుక్ ఫైళ్లు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, చాలామటుకు ఇంట్లో కూర్చునే చదవొచ్చు. సాక్షుల పేర్లు కొట్టేసి ఉంటాయి. మంచిదే, నీకు తాగుబోతుల్ని తయారుచేసే వీలుండదు.

వాటిలో సాక్షులు నింపిన ప్రశ్నపత్రం ఒకటి ఉంటుంది. అందులో ఒక ప్రశ్న: నువ్వు చూసినది ఎంత పెద్దది? చెయ్యి పూర్తిగా చాచి పట్టుకుంటే దాన్ని ఏ వస్తువు కప్పేస్తుంది? గుండుసూది తలా, బఠాణీ గింజా, నాణెమా, బేస్‌బాలా? దీని మీద ఒక్క సీన్ రాసి పంపు. వంటింటి బల్ల దగ్గర రైతు, ఎదురుగా యూనిఫాంలో ఒక కుర్ర లెఫ్టినెంట్, పొయ్యి మీద కాఫీ. రైతు చెయ్యి చాచి, వేళ్ల మధ్య లేని బఠాణీ గింజని పట్టుకుని, కిటికీ వైపు ఒక కన్ను మూసి చూస్తున్నాడు. నాలుగు పేజీలు దాటకూడదు. సంగీతం ఇక్కడ, మెరుపు అక్కడ అని రాయకు. లెఫ్టినెంట్ ఏ గడిలో టిక్కు పెట్టాడో చివర్లో నాకు కనబడాలి, రైతుకి కనబడకూడదు.

పండక్కి వస్తున్నానన్నావు. వచ్చేటప్పుడు నాకేమీ తేకు, ఆ మ్యూజియంలో పోస్టు కార్డులు అమ్ముతుంటే ఒకటి పట్రా. ఎఫ్-51ది.

మీ అన్నయ్య