నడుము నొప్పికి సూదుల చికిత్స: పదహారు వేలు కట్టవచ్చా?

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. ఇంట్లోనే జాకెట్లు కుడుతూ సంసారానికి చేదోడుగా ఉంటున్నాను. మూడేళ్లుగా నడుము నొప్పి వదలడం లేదు. ఎమ్మారై తీసి, డిస్క్ కొద్దిగా ఉబ్బిందని, ఆపరేషన్ అక్కర్లేదని చెప్పారు. నొప్పి మాత్రలు వేసుకుంటే కడుపులో మంట. మా వీధిలో ఒకావిడకు ఆక్యుపంక్చర్‌తో తగ్గిందంటే నేనూ వెళ్లాను. 20 సిట్టింగులకు 16,000 రూపాయలు ముందే కట్టాలని, సూదులతో డిస్క్ మళ్లీ లోపలికి సర్దుకుంటుందని అక్కడివారు చెప్పారు. చీటీ పాడిన డబ్బు చేతిలో ఉంది. మా అబ్బాయి మాత్రం అదంతా మోసమంటున్నాడు. కట్టమంటారా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మొత్తం డబ్బు ఒకేసారి కట్టవద్దమ్మా. అలాగని మీ అబ్బాయి అన్నట్లు ఈ చికిత్సను పూర్తిగా కొట్టిపారేయడమూ సరికాదు.

జర్మనీలో చాలా ఏళ్లుగా నడుము నొప్పితో బాధపడుతున్న 1,162 మందిని మూడు జట్లుగా చేసి ఈ చికిత్సను పరీక్షించారు. మొదటి జట్టుకు చైనా సంప్రదాయం చెప్పిన బిందువుల్లోనే సూదులు గుచ్చారు. రెండో జట్టుకు ఆ బిందువులు కాని చోట, అదీ పైపైనే గుచ్చారు. మూడో జట్టుకు మాత్రలు, ఫిజియోథెరపీ, వ్యాయామం కలిపిన మామూలు వైద్యం చేశారు. 2007లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆరు నెలల తర్వాత చెప్పుకోదగ్గ మేలు పొందినవారు మొదటి జట్టులో 47.6 శాతం, రెండో జట్టులో 44.2 శాతం, మూడో జట్టులో 27.4 శాతం. అంటే సూదులు గుచ్చించుకున్నవారు మిగతావారికంటే బాగున్నారు కానీ, సూది ఎక్కడ దిగిందన్నది పెద్ద లెక్కలోకి రాలేదు. బిందువుల పటాన్ని గోడకు తగిలించి గంటసేపు ఉపన్యాసం ఇచ్చేవారికి ఇది రుచించే సంగతి కాదు. ఇక మూడో జట్టువారిలో ఆ మామూలు వైద్యంతో అప్పటికే విసిగిపోయినవారు ఉంటారు కాబట్టి, వారి అంకె తక్కువగా రావడానికి నిరాశ కూడా కొంత కారణమై ఉండవచ్చు.

అనేక పరీక్షల్లోని రోగుల వివరాలను ఒకచోట చేర్చి లెక్కగట్టిన ఒక పరిశోధక బృందం 2012లో ఇచ్చిన ఉదాహరణ మీ ప్రశ్నకు బాగా పనికివస్తుంది. నొప్పిని 100కు కొలిచినప్పుడు 60 ఉన్నవారిని తీసుకుంటే, సూదులు లేకుండా అది 43కు, ఉత్తుత్తి సూదులతో (పైన చెప్పిన రెండో జట్టుకు చేసినట్లు, పేరుకు మాత్రం వేసేవి) 35కు, అసలు సూదులతో 30కి దిగవచ్చునని వారు చెప్పారు. అదే బృందం 2018లో 39 పరీక్షలు, 20,827 మంది రోగులతో మళ్లీ లెక్క వేసినప్పుడు కూడా, అసలుకూ ఉత్తుత్తికీ తేడా చిన్నదే అయినా సున్నా కాదనీ, కలిగిన ఉపశమనంలో చాలా భాగం ఏడాది తర్వాతా నిలిచిందనీ తేలింది. 43కూ 30కీ మధ్య ఉన్న ఆ కాస్త తేడానే మీరు కొనుక్కుంటున్నారు. అది మిషన్ ముందు ఇంకో అరగంట కూర్చోనిస్తే విలువైనదే. నొప్పి మాయమైపోతుందనుకుని కొంటే మాత్రం నిరాశే మిగులుతుంది.

దేశాలు కూడా ఈ విషయంలో ఒక్క మాట మీద లేవు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే సంస్థ నైస్, 2016లో నడుము నొప్పికి దీన్ని ఇవ్వవద్దంది. అదే సంస్థ 2021లో, వేరే కారణం కనిపించని దీర్ఘకాలపు నొప్పికి ఖర్చుపై పరిమితి పెట్టి ఇవ్వవచ్చంది. అమెరికాలో వృద్ధుల బీమా మెడికేర్ 2020 నుంచి దీర్ఘకాలపు నడుము నొప్పికి డబ్బు చెల్లిస్తోంది. అయితే ఎలా చెల్లిస్తోందో చూడండి: మొదట 90 రోజుల్లో 12 సిట్టింగులు, గుణం కనిపిస్తేనే ఇంకో 8, కనిపించకపోతే అక్కడితో ఆపివేత. అంత పెద్ద ప్రభుత్వ బీమాయే గుణం చూడకుండా 20 సిట్టింగులకు పూచీ పడటం లేదు. చీటీ డబ్బు పెట్టేవారు ముందే ఎందుకు కట్టాలి?

డిస్క్ లోపలికి సర్దుకుంటుందన్న మాటను మాత్రం నమ్మవద్దు. గుండుసూది కన్నా సన్నని సూది, సుమారు పావు మిల్లీమీటరు మందం ఉండేది, డిస్క్‌ను నెట్టలేదు. పైగా ఏ నొప్పీ లేని 50 ఏళ్లవారికి స్కాన్ తీసినా దాదాపు 60 శాతం మందిలో డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది కాబట్టి, మీ నొప్పికి అదే కారణమని కూడా రూఢిగా చెప్పలేం.

నా సలహా ఇది. ఆ డబ్బులో మొదటి భాగం ఫిజియోథెరపిస్టుకు ఇవ్వండి. రెండు మూడు సార్లు వెళ్లి నడుముకు, పొట్టకు బలమిచ్చే వ్యాయామాలు నేర్చుకుంటే తర్వాత ఇంట్లో చేసుకోవడానికి ఖర్చుండదు. వీపుకు ఆనుడు లేని స్టూలు మార్చండి. అరగంటకోసారి, కుట్టు మధ్యలో ఉన్నా సరే, లేచి నాలుగడుగులు వేయండి. మాత్రల వల్ల మంట వస్తోందని వాటిని రాసిన డాక్టరుకు తప్పక చెప్పండి.

ఇవి చేస్తూ సూదులు కూడా ప్రయత్నించాలనిపిస్తే, ఏ రోజుకారోజు 800 ఇచ్చేలా మాట్లాడుకుని ఆరు సిట్టింగులకు వెళ్లండి. ఆటో ఖర్చు, ఆ పూట ఆగిపోయే కుట్టుకూలి కూడా అందులో కలిపి చూసుకోండి. మొదటి సిట్టింగుకు వారం ముందు నుంచే, పాల లెక్క రాసుకునే క్యాలెండరు గడిలోనే రోజూ రాత్రి మూడు అంకెలు వేయండి: పదికి నొప్పి ఎంత, ఒక్క బిగిన ఎన్ని నిమిషాలు మిషన్ దగ్గర కూర్చోగలిగారు, ఎన్ని మాత్రలు మింగారు. ఆరు సిట్టింగుల తర్వాత ఆ అంకెలు మారకపోతే, క్లినిక్‌వారు ఏమి చెప్పినా, ఇక వెళ్లవద్దు. ప్రకృతి వైద్యంలో బి.ఎన్.వై.ఎస్. డిగ్రీ చదివినవారికి ఆక్యుపంక్చర్ పాఠ్యాంశంగానే ఉంటుంది కనుక, సూదులు వేసేవారు ఎక్కడ ఏమి చదివారో మొహమాటపడకుండా అడగండి.

కాలు బలహీనపడినా, కూర్చుంటే ఆనే భాగంలో, అంటే పిరుదులు, తొడల మధ్య, తిమ్మిరెక్కినా, మూత్రం అదుపు తప్పినా, నొప్పితో పాటు జ్వరం వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఈ సలహాలేవీ వర్తించవు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: నా వయసు 66. మోకాళ్ల అరుగుదల ఉంది. గుండెకు పేస్‌మేకర్ అమర్చారు, రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నాను. సూదులకు కరెంటు పెట్టి చేసే ఆక్యుపంక్చర్ చేయించుకోవచ్చా? రెండు రోజులు మాత్రలు మానేసి రమ్మంటున్నారు.
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: మాత్రలు మానవద్దు. మీ గుండె డాక్టరు తప్ప మరెవరు చెప్పినా మానవద్దు. మోకాళ్ల నొప్పి ప్రాణం తీయదు కానీ, ఆ మాత్రలు ఆపితే గడ్డకట్టే రక్తం తీయగలదు. పేస్‌మేకర్ ఉన్నవారు కరెంటుతో చేసే పద్ధతికి దూరంగా ఉండాలి. కరెంటు లేని సూదులకైతే, పైపైన గుచ్చితే కాస్త కమిలిపోవడం తప్ప సాధారణంగా ప్రమాదం ఉండదు కానీ, అది కూడా మీ డాక్టరును అడిగాకే. జర్మనీలోనే మోకాళ్ల మీద జరిగిన పరీక్షలో అసలు సూదులతో 53.1 శాతం మందికి, ఉత్తుత్తి సూదులతో 51 శాతం మందికి మేలు కనిపించింది. మీ పరిస్థితిలో ఆ డబ్బును తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు నేర్చుకోవడానికీ, ఒక మంచి చేతికర్రకూ పెట్టమనే చెబుతాను. కర్రను ఎక్కువ నొప్పి ఉన్న మోకాలికి అవతలి వైపు చేత్తో పట్టుకోవాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు.