ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లు కొనబోయే ముందు

హనుమకొండ

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

కరీంనగర్‌లో కట్టుకున్న కొత్త ఇంటి హాలులోకి ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లు కొనాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. అంత సొమ్ము చెల్లించే ముందు వాటిని నీ హాలులోనే, నీకు కంఠస్థమైన పాటలతోనే విని తీరాలని గట్టిగా చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మామూలు స్పీకర్లలో కదిలే గరాటు ఆకారపు కోన్ వీటిలో ఉండదు. రంధ్రాలున్న రెండు లోహపు పలకల నడుమ వెంట్రుక కంటే పలచనైన ప్లాస్టిక్ పొరను బిగించి, దానికి కొన్ని వేల వోల్టుల ఛార్జి ఇస్తారు. ఆ పొరకు బరువు లేనట్టే కనుక స్వరం మొదలైన క్షణంలోనే కదులుతుంది, ఆగిన క్షణంలోనే ఆగుతుంది. పీటర్ వాకర్ 1957లో ఇంగ్లండ్‌లో విడుదల చేసిన క్వాడ్ అనే ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరును గాత్రం విషయంలో ఇప్పటికీ పెద్దలు తలుచుకోవడానికి కారణం అదే. వీణ మీటు తరువాత గమకం సన్నగిల్లుతూ పోయే తీరు, తంబుర తీగలు వేటికవిగా పలకడం, గాయని పల్లవి ఎత్తుకునే ముందు తీసుకునే ఊపిరి, ఇవన్నీ తక్కువ వాల్యూమ్‌లో కూడా చెదరకుండా వినిపిస్తాయి. పెట్టెలోంచి వస్తున్న శబ్దమన్న భావనే కలగదు.

అయితే నీకు ఒగ్గుకథ డోలు, డప్పు ఎంత ఇష్టమో నాకు తెలుసు. డప్పు మీద పుల్ల పడిన చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది గాని, గుండెను తాకే అదురు అంతగా రాదు. పొర వెనుక వైపు కూడా అంతే శబ్దాన్ని, వ్యతిరేక దశలో, అంటే ముందుకు గాలిని నెట్టినప్పుడు వెనుక లాగుతూ, వెలువరిస్తుంది. మంద్రస్థాయిలో ఆ రెండూ కలిసి ఒకదానినొకటి తగ్గించుకుంటాయి. అందుకే మార్టిన్‌లోగన్ వంటి సంస్థలు మంద్రస్థాయి కోసం కింద కోన్ అమర్చి, రెండూ కలిసిన హైబ్రిడ్లు చేస్తున్నాయి. వాటిని వినేటప్పుడు మృదంగం పెట్టించుకో; మృదంగపు ఎడమ ముఖం నాదం, కుడి ముఖం నాదం ఒకే వాద్యానివిగా తోచకపోతే ఆ కూర్పు కుదరలేదన్నమాట.

వెనుక గోడకు కనీసం మీటరు దూరం వదలాలి. గ్రానైట్ నేల మీద వరంగల్ కొత్తవాడలో నేసిన మందమైన జంపఖానా పరిస్తే ప్రతిధ్వని కొంత అణుగుతుంది. హెచ్చు స్వరాలు ఇరుకుగా ప్రసరిస్తాయి కనుక సోఫాలో పక్కన కూర్చున్నవారికి నీకు వినిపించినంత వినిపించదు. పక్క సీటులో కూడా కూర్చుని విను.

ఆంప్లిఫయర్ నీదే వాడు, ఎందుకంటే హెచ్చు స్వరాల దగ్గర ఈ స్పీకర్ల ఇంపిడెన్స్ (కరెంటుకు ఇచ్చే నిరోధం) బాగా పడిపోతుంది, అన్ని ఆంప్లిఫయర్లూ దానికి తట్టుకోలేవు. ప్రతి స్పీకరుకూ కరెంటు ప్లగ్గు కావాలి. ఛార్జి ఉన్న పొర దుమ్మును లాక్కుంటుంది. వానాకాలపు తేమకు చిటపట శబ్దం రావచ్చు. కాబట్టి పొర బిగించిన ప్యానెల్ చెడిపోతే మన దగ్గర ఎవరు బాగు చేస్తారో ముందే రాతపూర్వకంగా తీసుకో. ఇంటికి తెచ్చి వినిపించడానికి ఒప్పుకోని దుకాణంలో మాత్రం బయానా ఇవ్వకు.

ఇట్లు,
నీ మేనమామ