రోజుకు వంద రూపాయలు బ్యాంకు బాకీ

యూపీఐ ద్వారా ఒక దుకాణంలో చెల్లించిన సొమ్ము మీ ఖాతాలో తగ్గిందనీ, దుకాణదారుకు మాత్రం చేరలేదనీ, మూడు వారాల తరువాత తిరిగి జమ అయిందనీ, ఈ ఆలస్యానికి బ్యాంకును పరిహారం అడగవచ్చా, అడిగితే నవ్వుతారా అనీ మీరు అడిగారు. నిస్సందేహంగా అడగవచ్చు. నిజానికి మీరు అడగవలసిన అవసరమే రాకూడదు. 2019 సెప్టెంబరు 20న రిజర్వు బ్యాంకు జారీ చేసిన ఉత్తర్వు ప్రకారం, ఆ ఏడాది అక్టోబరు 15 నుంచి, విఫలమైన చెల్లింపులను వెనక్కి జమ చేయడానికి ప్రతి పద్ధతికీ ఒక గడువు ఉన్నది. ఏటీఎంలో నగదు రాకపోయినా, దుకాణంలో కార్డు గీసినప్పుడు సొమ్ము కోతపడి చెల్లింపు ఖరారు కాకపోయినా, యూపీఐలో దుకాణదారుకు చేరకపోయినా అయిదు రోజులు; ఒక వ్యక్తి ఖాతా నుంచి మరొక వ్యక్తి ఖాతాకు యూపీఐ లేదా ఐఎంపీఎస్ (ఖాతా నుంచి ఖాతాకు సొమ్మును వెంటనే పంపే పద్ధతి) ద్వారా పంపినది చేరకపోతే ఒక్క రోజు. ఆ గడువు దాటిన తరువాత ప్రతి రోజుకూ వంద రూపాయల చొప్పున బ్యాంకు చెల్లించాలి. ఖాతాదారు ఫిర్యాదు కోసం ఎదురు చూడకుండా, బ్యాంకు తనంతట తానే జమ చేయాలని అందులో స్పష్టంగా రాసి ఉన్నది.

తనంతట తానే జమ చేసిన బ్యాంకును మాత్రం నేను ఇంతవరకు చూడలేదు. మా వీధిలో ఎవరిని అడిగినా చూడలేదనే అన్నారు. కనుక మీ ప్రశ్నకు అసలు జవాబు నిబంధనలో లేదు, అడిగే పద్ధతిలో ఉన్నది. నేను రెవెన్యూ శాఖలో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాడిని. చాలా కాలం తపాలు విభాగంలో కూర్చున్నాను. కాగితం మీద తేదీ, ముద్ర, వరుస సంఖ్య పడేవరకు ఏ మనవీ పుట్టనట్టే లెక్క అని అక్కడ నేర్చుకున్నాను. నోటితో చెప్పిన ఫిర్యాదు కౌంటరు దాటదు. ఫోనులో చెప్పినది ఆ ఫోను పెట్టేసిన క్షణంలోనే గాలికి పోతుంది.

నా సంగతి ఏటీఎంకు సంబంధించినది. సంక్రాంతి ముందు ఇంటికి సున్నం వేసిన కూలీలకు ఇవ్వడానికి పదివేల రూపాయలు తీసుకుందామని బస్టాండు దగ్గర ఉన్న ఏటీఎంకు వెళ్లాను. అది నా బ్యాంకుది కాదు, వేరొక బ్యాంకుది. యంత్రం నోట్లు లెక్కపెడుతున్న చప్పుడు వినిపించింది, నగదు వచ్చే మూత వేలెడు మేర తెరుచుకుని మళ్లీ టక్కున మూసుకున్నది, లావాదేవీ పూర్తి కాలేదని తెర మీద కనిపించింది, ఆ వెంటనే పదివేలు తగ్గినట్టు ఫోనుకు సందేశం వచ్చింది. చీటీ రాలేదు. వెనుక వరుసలో ఉన్న ఒక కుర్రవాడు "తాతగారూ, కార్డు తీసుకుని పక్కకు వస్తారా" అని తొందరపెడుతున్నా నేను కదలలేదు. యంత్రం పైభాగాన అంటించిన చిన్న కాగితం మీది ఏటీఎం సంఖ్యను, గోడ గడియారంలోని సమయాన్ని జేబు డైరీలో రాసుకున్న తరువాతనే బయటకు వచ్చాను. తరువాత నడిచిన కథ అంతటికీ ఆధారంగా నిలిచినవి ఆ రెండు పంక్తులే.

ఆ ఏటీఎం పెట్టిన బ్యాంకుకు వెళ్లి అడగమని నా ఖాతా ఉన్న బ్యాంకు శాఖలో చెప్పారు. ఇది ఊరంతటా చెప్పే మాట, పూర్తిగా తప్పు మాట. యంత్రం ఎవరిదైనా, ఫిర్యాదు తీసుకోవలసినది కార్డు ఇచ్చిన బ్యాంకే. ఆ మాట చెప్పి ఫిర్యాదు నమోదు చేయించాను. కొద్ది రోజులకు "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని సందేశం వచ్చింది. ఖాతాలో చూస్తే పదివేలు లేవు. శాఖకు వెళితే, బల్ల దగ్గర కూర్చున్న అధికారిణి, మా చిన్నమ్మాయి వయసు ఉంటుంది, మర్యాదగానే చెప్పింది.

"సార్, సిస్టంలో సక్సెస్ అని చూపిస్తోంది. ఇక మేమేం చేయగలం?"

"అమ్మా, ఇచ్చానని మీ యంత్రం చెబుతున్నది. పుచ్చుకున్నానని నేను ఎక్కడా సంతకం చేయలేదు కదా" అన్నాను.

ఆమె దగ్గర దానికి జవాబు లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. ఆమెకు ఆ తెర మీద కనిపించేది అంతవరకే. కానీ ఏటీఎం లోపల జరిగినదానికి వేరే సాక్ష్యాలు ఉంటాయి. ప్రతి లావాదేవీలో యంత్రం ఏ పెట్టె నుంచి ఎన్ని నోట్లు తీసింది, మూత తెరుచుకున్నదా లేదా అన్నది ఎలక్ట్రానిక్ జర్నల్‌లో వరుసగా నమోదవుతుంది. బయటకు రాని నోట్లు లోపలి రిజెక్ట్ పెట్టెలో పడితే, తరువాత నగదు సరిచూసినప్పుడు పుస్తకాల్లో ఉన్నదానికంటే ఆ మేరకు ఎక్కువ తేలాలి. గదిలో కెమెరా ఉండనే ఉన్నది. అందుచేత నేను ఒక దరఖాస్తు రాశాను. ఫలానా తేదీన ఫలానా సమయంలో ఫలానా సంఖ్య గల యంత్రంలో నగదు రాలేదనీ, నా ఫిర్యాదును ఏ ఆధారంతో తోసిపుచ్చారో తెలుపవలసినదనీ, ఆ లావాదేవీ జర్నల్ నకలు, కెమెరా దృశ్యాలు, ఆ యంత్రం నగదు ట్యాలీ వివరాలు పరిశీలించి రాతపూర్వకంగా జవాబు ఇవ్వవలసినదనీ కోరాను. రెండు ప్రతులు తీసుకువెళ్లి, ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయమని అడిగాను.

ఇక్కడే అసలు ఇబ్బంది మొదలవుతుంది. దరఖాస్తు తీసుకోవడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు, నకలు మీద ముద్ర వేయడానికి మాత్రం చేయి రాదు. ముద్ర మేనేజరు గారి గదిలో ఉన్నదన్నారు, ఆయన భోజనానికి వెళ్లారన్నారు. మంచిది, వచ్చేవరకు కూర్చుంటానని చెప్పి గోడవార కుర్చీలో కూర్చున్నాను. పింఛనుదారుకు ఉన్న ఆస్తి తీరిక ఒక్కటే, దానిని ఇటువంటి చోటనే ఖర్చు పెట్టాలి. ఆయన వచ్చి, నా కాగితం ఆసాంతం చదివి, ఏమీ మాట్లాడకుండా ముద్ర వేసి, దాని కింద తేదీతో పొట్టి సంతకం పెట్టారు. ఆ దరఖాస్తు తరువాత "సక్సెస్" అన్న మాట మళ్లీ ఎవరి నోటా వినపడలేదు. పదివేలు జమ అయ్యాయి.

ఆలస్యానికి రావలసినది మాత్రం రాలేదు. మళ్లీ వెళ్లి అడిగితే మేనేజరు గారు "డబ్బు వచ్చేసింది కదా సార్, ఇంకా వందల కోసం ఎందుకు?" అన్నారు. ఆయన మంచి మనిషి, ఆ మాటలో వెటకారం లేదు, అందుకే నాకు మరింత కోపం వచ్చింది. ఆ పదివేలు నా దగ్గర లేని రోజుల్లో కూలీల దగ్గర మాట పడినది నేను, పక్కింటివారి దగ్గర చేబదులు తీసుకున్నది నేను. తరువాత ఆయన సెలవుల లెక్క ఎత్తారు. భోగి, సంక్రాంతి, కనుమ, మధ్యలో రెండవ శనివారం, ఆదివారం, ఇవన్నీ తీసివేయాలన్నారు. ఉత్తర్వులో లావాదేవీ జరిగిన రోజును క్యాలెండరు తేదీగానే లెక్కించాలని ఉన్నది, పనిదినాల ప్రస్తావన లేదు. ఆయన మనసులో ఉన్నది 2011 నాటి పాత నిబంధన. అప్పుడు ఏటీఎంలకు ఏడు పనిదినాల గడువు ఉండేది, పరిహారం కావాలంటే ఖాతాదారు ముప్పై రోజుల లోపల ఫిర్యాదు చేసి ఉండాలన్న షరతు కూడా ఉండేది. కొత్త ఉత్తర్వు వచ్చి ఇన్నేళ్లయినా శాఖల్లో ఇంకా పాత పాఠమే చెబుతున్నారు.

ఈసారి దరఖాస్తులో ఉత్తర్వు సంఖ్యను కూడా రాశాను. మీరూ రాయండి: డీపీఎస్ఎస్.సీఓ.పీడీ నం. 629/02.01.014/2019-20. సంఖ్య లేని కాగితాన్ని కోరికగా చదువుతారు, సంఖ్య ఉన్నదానిని జవాబు ఇవ్వక తప్పని కాగితంగా చదువుతారు. నా ఉద్యోగ జీవితమంతా నేనూ అలాగే చదివాను. ముప్పై రోజులు గడిచినా జవాబు రాకపోవడంతో, బ్యాంకుల మీద ఫిర్యాదులను విచారించే రిజర్వు బ్యాంకు అధికారి అయిన అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పంపాను. అక్కడ తీర్పు వరకు పోలేదు. ఆ ఫిర్యాదు బ్యాంకుకు చేరిన తరువాత, ఒకనాడు పాస్‌బుక్కు ముద్రించుకుంటే, రిబ్బను అరిగిపోయి సగం అక్షరాలు వెలసిన ఒక వరుసలో "ఏటీఎం కాంపెన్" (కాంపెన్సేషన్, అంటే పరిహారం) అన్నంతవరకు కనిపించింది, దాని ఎదురుగా జమ పడింది.

సందర్భం వచ్చింది కనుక ఒక మాట. కనీస నిల్వ తగ్గితే రుసుము, సందేశాలకు రుసుము, ఖాతాలో సొమ్ము చాలక ఏటీఎం తిరస్కరిస్తే దానికీ రుసుము. ఇవన్నీ ఎవరూ దరఖాస్తు పెట్టకుండానే, ఒక్క రోజు ఆలస్యం లేకుండా, పైసలతో సహా, జీఎస్టీతో సహా కోతపడతాయి. అదే కంప్యూటరుకు, విఫలమైన చెల్లింపు ఏ తేదీది, తిరిగి జమ అయినది ఏ తేదీన అన్నది తెలియదా? రెండు తేదీల మధ్య తీసివేత చేయలేని యంత్రం కాదది. చేయమని దానికి ఎవరూ చెప్పలేదు, అంతే. యంత్రంలో లోపం వల్ల విఫలమైనదానిని నెలవారీ ఉచిత లావాదేవీల లెక్కలో కలపరాదని 2019 ఆగస్టులోనే రిజర్వు బ్యాంకు చెప్పింది, అయినా ఒకసారి మీ స్టేట్‌మెంటు తీసి చూసుకోండి.

మరొక మాట భాష గురించి. మా శాఖలో ఏటీఎం ఫిర్యాదు పత్రం ఇంగ్లీషులో, హిందీలో ఉన్నది, తెలుగులో లేదు. నా ముందు నిలబడిన ఒక రైతు దానిని చేతిలో పట్టుకుని, నింపిపెట్టేవారి కోసం చుట్టూ చూస్తున్నాడు. రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల స్వీకరణ కేంద్రం ఎక్కడో చండీగఢ్‌లో, సెక్టార్ 17లో ఉన్నది. అక్కడికి ఏ భాషలో రాసి పంపినా తీసుకుంటారు. 14448కు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు. చండీగఢ్‌కు అర్థమయ్యే తెలుగు మన మండల కేంద్రంలోని కౌంటరుకు అర్థం కాకపోవడం ఏమి న్యాయమో నాకు తెలియదు.

రోజుకు వంద అన్న లెక్క కూడా లోపం లేనిది కాదు. రెండు వందల చెల్లింపుకైనా, యాభై వేల చెల్లింపుకైనా అదే వంద. చిన్న మొత్తాలవారికి మేలు, పెద్ద మొత్తాలవారికి నష్టం. ఒక బ్యాంకు నుంచి మరొక బ్యాంకుకు సొమ్ము పంపే నెఫ్ట్ పద్ధతిలో ఆలస్యమైతే మాత్రం లెక్క వేరు, అక్కడ రెపో రేటు (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే వడ్డీ రేటు) మీద మరో రెండు శాతం కలిపి వడ్డీ ఇవ్వాలి. ఇక మనమే సంఖ్య తప్పుగా కొట్టి వేరొకరి ఖాతాకు పంపితే ఈ పరిహారాలేవీ వర్తించవు. సొమ్ము అందుకునేవారి పేరు కనిపించే ఏర్పాటును నెఫ్ట్‌కు, పెద్ద మొత్తాలు పంపే ఆర్టీజీఎస్‌కు 2025 ఏప్రిల్ 1 నాటికి కల్పించాలని బ్యాంకులను ఆదేశించారు కనుక, పంపే ముందు ఆ పేరు చదువుకోవడం మన పని.

మీ విషయానికి వస్తే, మీరు దుకాణంలో చెల్లించారు కనుక మీకు వర్తించేది అయిదు రోజుల గడువు. చెల్లింపు ఒకటవ తేదీన జరిగి, 22వ తేదీన తిరిగి జమ అయిందనుకుంటే, ఇరవై ఒక్క రోజుల్లో అయిదు పోగా పదహారు రోజులకు 1,600 రూపాయలు మీకు రావాలి. యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ తెరిస్తే పన్నెండు అంకెల సంఖ్య ఒకటి కనిపిస్తుంది, దరఖాస్తులో ముందు అది రాయండి. తరువాత కోతపడిన తేదీ, తిరిగి జమ అయిన తేదీ, ఉత్తర్వు సంఖ్య, మీ లెక్క, ఇంతే. మీ కష్టాలేవీ అందులో రాయకండి, చదివేవారు లేరు. యాప్ నడిపే సంస్థకు కాకుండా మీ ఖాతా ఉన్న బ్యాంకుకే ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, రిజర్వు బ్యాంకు సమీకృత అంబుడ్స్‌మన్ పథకం కింద ఫిర్యాదు చేయవచ్చు. రుసుము లేదు, న్యాయవాదిని పెట్టుకుని వారి ద్వారా పంపితే అసలు తీసుకోరు కూడా. బ్యాంకు జవాబు అందిన తరువాత ఆలస్యం చేయకుండా పంపాలి. నష్టానికే కాక, పోయిన కాలానికి, పడిన వేదనకు కూడా పరిహారం ఇప్పించే అధికారం ఆ పథకంలో ఉన్నది, అయితే 1,600 తగాదాలో దాని జోలికి పోవద్దని నా సలహా; అడిగినది చిన్నదిగా, లెక్కకు నిలిచేదిగా ఉంటే బ్యాంకు త్వరగా దిగివస్తుంది. జిల్లా వినియోగదారుల కమిషన్ కూడా ఉన్నది, కానీ ఒకే తగాదాను రెండు చోట్లా నడిపితే అంబుడ్స్‌మన్ పక్కన పెడతారు.

ఇవన్నీ ఎలా ఉన్నా, ఈ వారంలోనే ఆ దుకాణదారు దగ్గరకు వెళ్లి, ఫలానా తేదీన ఆ సొమ్ము తనకు అందలేదని రెండు పంక్తులు రాయించి, దుకాణం ముద్ర వేయించుకుని దరఖాస్తుకు జతపరచండి. నెలలు గడిచాక ఆయనకు గుర్తుండదు, గుర్తున్నా రాసివ్వడానికి బద్ధకిస్తాడు.