తాతగారి కోటును సరిచేయించవచ్చునా?

ప్రశ్న: మా తాతగారు 1950లలో కుట్టించుకున్న ఉన్ని కోటు నాకు భుజాల దగ్గర సరిపోతున్నది గాని, నడుము వదులుగా ఉన్నది. సరిచేయించవచ్చునా?

జవాబు: నిస్సందేహంగా చేయించవచ్చు. భుజాలు సరిపోవడమే అసలు అదృష్టం. వాటిని మార్చాలంటే చేతులు విప్పి, కాలరు ఎత్తి, కోటును దాదాపు మళ్లీ కుట్టవలసి వస్తుంది. నడుమును పక్క కుట్లలోను, వీపు మధ్య కుట్టులోను బిగించడం అనుభవజ్ఞుడైన దర్జీకి తేలిక పనే. లండన్‌లో కోట్లకు పేరుపొందిన సావిల్ రో వీధి దర్జీలు నేటికీ పాటిస్తున్నట్టే, ఆనాటి మంచి కోట్లకు ఛాతీ లోపల గుర్రపు వెంట్రుకలు కలిసిన కాన్వాసును చేతికుట్టుతో నిలిపేవారు; జిగురుతో అతికించిన చౌక కోట్లలో లేచే బుడగలు వాటిలో కనిపించవు. గుండీల దగ్గర బట్టను, లైనింగును వేళ్లతో విడదీసి పట్టుకున్నప్పుడు మధ్యలో మూడో పొర విడిగా కదిలితే అది కాన్వాసే. ఇస్త్రీలో ల్యాపెల్ (కాలరు కింద ఛాతీ మీద వెనక్కి మడిచిన భాగం) మడతను మాత్రం అణగనీయకండి. చిమ్మటలు కొరికిన రంధ్రాలుంటే ముందుగా రఫూ చేయించండి.