2147483647 ప్రధాన సంఖ్య అని కంప్యూటర్ లేని రోజుల్లో ఎలా తేల్చారు?

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. వాళ్లు ఏటా అడిగే ప్రశ్నే ఇది.

2 ఘాతం 31 నుంచి, అంటే 31 రెండ్లను ఒకదానితో ఒకటి గుణిస్తే వచ్చే దాని నుంచి, 1 తీసేస్తే ఈ సంఖ్య వస్తుంది. దీని వర్గమూలం దాదాపు 46341. మామూలుగా అయితే అంతలోపున్న ప్రధాన సంఖ్యలన్నిటితో, అంటే నాలుగు వేలకు పైగా సంఖ్యలతో, భాగించి చూడాలి. 1772లో గణిత శాస్త్రజ్ఞుడు ఆయిలర్ ఆ శ్రమను అద్భుతంగా తగ్గించాడు.

p అనే ప్రధాన సంఖ్య దీన్ని నిశ్శేషంగా భాగిస్తుందనుకోండి. అప్పుడు 2 ఘాతం 31ని pతో భాగిస్తే శేషం 1. 31 స్వయంగా ప్రధాన సంఖ్య కాబట్టి, ఫెర్మా చిన్న సిద్ధాంతం (2 ఘాతం p−1ని pతో భాగిస్తే శేషం 1) ప్రకారం p−1ని 31 భాగించి తీరాలి. పైగా 2 ఘాతం 32 ఒక వర్గం, దాని శేషం 2. అలా జరగాలంటే pని 8తో భాగించినప్పుడు 1 గాని 7 గాని మిగలాలి. ఈ రెండు షరతులూ కలిస్తే pని 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 మాత్రమే. ఇక పరీక్షించవలసినవి సుమారు 80 ప్రధాన సంఖ్యలే! ఒక్కటీ దీన్ని భాగించదు.

కాగితం తీసుకుని 311తో మొదలుపెట్టి చూడండి. 248కి 63 కలిపితే వచ్చే ఈ ప్రధాన సంఖ్యే పరీక్షలో మొదటిది.